పిల్లల వెంట దరువు నడవాలి

విన్యాసాలకు వాద్యం ఎంచుకునేటప్పుడు గమనించవలసిన సంగతులు

బొబ్బిలి : పంద్రాగస్టు గాని, జనవరి 26 గాని, పాఠశాల వార్షికోత్సవం గాని, ఊరి అమ్మవారి పండగ గాని వచ్చిందంటే పిల్లల విన్యాసాలకు వేళ అయినట్లే. ఒకరి భుజాల మీద మరొకరు నిలిచి గోపురం కడతారు. పిల్లిమొగ్గలు వేస్తారు. వెనక్కు వంగి చేతులు నేలకు ఆనిస్తారు. కర్రసాము, యోగాసనాలు సరేసరి. వ్యాయామ ఉపాధ్యాయుడు ఎన్నో రోజుల ముందునుంచే సాధన మొదలుపెడతాడు. ఏ పిల్లవాడు కింద ఉండాలి, ఎవరు మీద ఉండాలి అని ఒకటికి పదిసార్లు ఆలోచిస్తాడు. అయితే వెనుక మోగవలసిన వాద్యం సంగతి మాత్రం చాలాచోట్ల ముందురోజు సాయంత్రానికి గాని ఎవరికీ గుర్తురాదు. అప్పుడు ఆ యేడు ఊరంతా హోరెత్తుతున్న సినిమా పాట ఏదో ఒకటి పెట్టేస్తారు.

చూసేవారికి అది హుషారుగానే ఉంటుంది. ఆడే పిల్లలకే చిక్కు. యంత్రంలో మోగే పాటకు కళ్ళు లేవు. పైమెట్టు పిల్లవాడి కాలు ఇంకా కుదురుకోలేదని దానికి తెలియదు. కింద మోకాళ్ళ మీద ఉన్నవాడి చేతులు వణుకుతున్నాయని తెలియదు. అది తన దారిన తాను పోతుంది. దాన్ని అందుకోవాలని పిల్లలు తొందరపడతారు. తొందరలో కాలు జారితే చెయ్యి విరగవచ్చు, మెడకు దెబ్బ తగలవచ్చు. కనుక వాద్యం ఎంపిక అలంకారం సంగతి కాదు, పిల్లల క్షేమం సంగతి. దరువు పిల్లవాడి వెంట నడవాలి గాని, పిల్లవాడు దరువు వెంట పరుగెత్తకూడదు.

మాట ఉన్న పాట ఎందుకు వద్దు?

పాటలో మాటలు ఉంటే చెవి మాటల మీదకు పోతుంది. లెక్క తప్పుతుంది. పైగా సినిమా పాట ఒక్క తీరున సాగదు. పల్లవి ఒక ఊపు, మధ్యలో వచ్చే వాద్యాలు మరో ఊపు, చరణం ఇంకో ఊపు. నడుమ ఒక్క క్షణం అన్నీ ఆగి ఒక్కసారిగా విరుచుకుపడే చోట్లు కూడా ఉంటాయి. డాన్సుకు అవి అందం. భుజాల మీద నిలిచిన పిల్లవాడికి అవే అపాయం. ఆ విరుపుకు జనం ఈలలు వేసి కేకలు పెడితే పిల్లవాడి చూపు చెదురుతుంది.

అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ పోటీలలో కూడా ఈ విషయం ఆలోచించి నియమాలు పెట్టారు. ఆడపిల్లల జిమ్నాస్టిక్స్‌లో నాలుగు అంశాలు ఉంటాయి. వాటిలో ఒక్క నేల విన్యాసానికే సంగీతం ఉంటుంది. అది 90 సెకన్లకు మించకూడదు. అందులో మాటలు ఉండకూడదు. గొంతు వినిపించినా వాద్యంలాగే వినిపించాలి. మగపిల్లల పోటీలలో ఆరు అంశాలు ఉన్నా ఒక్కదానికీ సంగీతం లేదు. 2016లో రియో ఒలింపిక్స్‌లో దీపా కర్మాకర్ నాలుగో స్థానం తెచ్చుకున్న వాల్టు అంశంలోనూ, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పు పోటీలో హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి కాంస్యం గెలిచిన వాల్టు అంశంలోనూ పాట లేదు, దరువు లేదు. బంతి, రిబ్బను పట్టుకుని చేసే రిథమిక్ విభాగంలో మాత్రం 2013 నుంచి మాటలున్న పాటలను కూడా అనుమతించారు. ఒళ్ళంతా గాలిలో తిరిగే ఆడపిల్లల నేల విన్యాసంలో మాత్రం మాటలు లేవు.

దీని నుంచి మన పాఠశాలలు గ్రహించవలసినవి రెండు. అపాయం ఎక్కువ ఉన్నచోట మాట లేని వాద్యమే మేలు. మరీ కష్టమైన అంశమైతే వాద్యం అసలు లేకపోయినా లోటు కాదు. నిశ్శబ్దంలో చేసిన విన్యాసానికే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

తప్పెటగుళ్ళు నేర్పే పాఠం

ఇంత దూరం వెళ్ళకుండానే ఈ కిటుకు మన ఊళ్ళలోనే దొరుకుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల సొత్తు తప్పెటగుళ్ళు. యాదవ కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న ఈ కళలో ప్రతి ఒక్కరూ గుండ్రని తప్పెటను మెడకు తగిలించి రొమ్ము మీద ఉంచుకుంటారు. కాళ్ళకు గజ్జెలు కడతారు. రెండు చేతులా తప్పెట వాయిస్తూనే ఎగురుతారు, గిరగిరా తిరుగుతారు, ఒకరిపై ఒకరు ఎక్కి నిలుస్తారు. గంగమ్మ కథ, కృష్ణుని లీలలు పాడుతారు. పాట ఉన్నది. అయితే ఎగిరే ఒడుపు పాటలో కాక తప్పెటలో ఉన్నది.

ఇందులో గమనించవలసింది ఒకటే. ఆడేవాడే వాయిస్తున్నాడు. కాలు నేలకు తగిలినప్పుడే చెయ్యి తప్పెటకు తగులుతుంది. గజ్జె కూడా అప్పుడే మోగుతుంది. అలిసిపోతే దరువు దానంతటదే నెమ్మదిస్తుంది. ఊపిరి అందితే మళ్ళీ పుంజుకుంటుంది. వాద్యం ఒక చోట, దేహం మరో చోట లేవు. కనుకనే ఒంటి నిండా చెమటలు కక్కుతూ గంతులు వేసినా లయ తప్పదు.

ఒకప్పుడు ఊరూరా తిరిగి గెడ ఎక్కి ఆడిన సంచార కుటుంబాలలోనూ ఇదే తీరు. పైన ఆడేది బిడ్డ. కింద డోలు వాయించేది ఇంటి పెద్ద. డోలు వాయించేవాడి చెయ్యి డోలు మీద ఉన్నా చూపు బిడ్డ మీదనే ఉంటుంది.

బ్యాండు మాస్టరు చూపు ఎటు?

సర్కసు అంటే ఈ ప్రాంతానికి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు విజయనగరంలో వ్యాయామ విద్య నేర్పి, తరువాత సొంతంగా సర్కసు కంపెనీ నడిపి కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న సంగతి పెద్దలకు విదితమే.

సర్కసు బ్యాండు పని వినోదం ఒక్కటే కాదు. అమెరికాలో రింగ్లింగ్ సర్కసుకు దశాబ్దాల తరబడి బ్యాండు మాస్టరుగా పనిచేసిన మెర్ల్ ఎవాన్స్ ఒక చేత్తో కార్నెట్ ఊదుతూ మరో చేత్తో బ్యాండును నడిపేవాడు. ఊయల మీది మనిషి ఆలస్యం చేస్తే బ్యాండూ ఆలస్యం చేసేది. 1944 జూలై 6న హార్ట్‌ఫర్డ్ నగరంలో ఆ సర్కసు డేరాకు నిప్పంటుకుంది. మంటను చూసిన ఎవాన్స్ వెంటనే ఒక కవాతు బాణీ అందుకున్నాడు. ప్రమాదం వచ్చిందని సర్కసు సిబ్బందికి తెలిపే గుర్తు ఆ బాణీ. ఆ మంటల్లో 160 మందికి పైగా చనిపోయారు. బాణీ విన్న సిబ్బంది వెంటనే తమ తమ పనులకు పరుగెత్తారు. కేక వినపడని చోట వాద్యమే కబురు చెప్పింది.

కిందివాడికి కనపడదు

పిల్లలు గోపురం కట్టేటప్పుడు అందరికన్నా ఎక్కువ బరువు మోసేవాడు అడుగున ఉంటాడు. వాడి తల వంగి ఉంటుంది. పైన ఏం జరుగుతున్నదో వాడికి కనపడదు. పైవాడు నిలిచాడా, దిగుతున్నాడా, ఇంకెంతసేపు ఓర్చుకోవాలి అన్నది వాడికి తెలిసేదెట్లా?

స్పెయిన్ దేశంలోని కెటలోనియా ప్రాంతంవారు దీనికి చక్కని ఉపాయం చేసుకున్నారు. అక్కడ పండగలకు మనుషులతో ఎత్తయిన గోపురాలు కడతారు. వాటిని కస్తెల్ అంటారు. 2010లో యునెస్కో వాటిని ప్రపంచ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. శిఖరానికి ఎక్కేది చిన్నపిల్లలు. ఆ పిల్లల తలకు రక్షణ టోపీ ఉంటుంది. గోపురం లేస్తుండగా పక్కన గ్రాల్యా అనే వాద్యం ఊదుతారు, చిన్న డోలు వాయిస్తారు. గ్రాల్యా మన సన్నాయి లాంటిదే. దానికీ జంట పుల్లల పీక ఉంటుంది, గొంతూ అలాగే కోసుకుపోతుంది. గోపురం ఏ మెట్టు చేరిందో ఆ బాణీని బట్టి అడుగున ఉన్నవారికి తెలుస్తుంది. శిఖరాన పిల్ల చెయ్యి ఎత్తినప్పుడు బాణీ మారుతుంది. ఇక దించడమేనని కిందివాళ్ళకు అర్థమవుతుంది.

అక్కడ గోపురం కట్టినంత మాత్రాన పూర్తి లెక్క కాదు. కట్టి, క్షేమంగా విప్పితేనే పూర్తి మార్కులు. మన పాఠశాలలలో చాలాచోట్ల దీనికి విరుద్ధంగా జరుగుతుంది. పైవాడు జెండా ఊపగానే పాట తారస్థాయికి పోతుంది, చప్పట్లు మోగుతాయి, పాట ఆగిపోతుంది. అందరూ పని అయిపోయిందనుకుంటారు. పిల్లలు మాత్రం ఇంకా పైనే ఉన్నారు. ఎక్కడం కంటే దిగడంలోనే అపాయం ఎక్కువ. చివరి పిల్లవాడి రెండు కాళ్ళూ నేలకు తగిలేదాకా వాద్యం ఆగకూడదు.

ఏ వాద్యం ఎక్కడ?

సన్నాయి, డోలు : ఆరుబయలు మైదానానికి వీటికి మించినవి లేవు. పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు పనికివచ్చే వాద్యాలు గనుక మైకు లేకుండానే దూరం వినిపిస్తాయి. డోలు దెబ్బ ఖణీమంటుంది. మైదానం ఆ చివర ఉన్న పిల్లవాడికి కూడా లెక్క స్పష్టంగా అందుతుంది. సన్నాయి దీర్ఘంగా ఒక స్వరం పట్టి నిలిపితే నిలబడమన్న గుర్తు. కిందికి జారితే దిగమన్న గుర్తు. ఈ రెండూ ముందుగా పిల్లలకు చెబితే చాలు.

తప్పెట, డప్పు, తుడుము : గంతులకు, పిల్లిమొగ్గలకు, కర్రసాముకు ఇవి బాగుంటాయి. బడి పిల్లలలోనే ఇద్దరు ముగ్గురికి నేర్పితే మరీ మంచిది. విన్యాసంలో పాల్గొనలేని పిల్లలకు కూడా అందులో చోటు దొరుకుతుంది.

వీణ : బొబ్బిలి పేరు చెబితే ముందు గుర్తుకు వచ్చేది వీణ. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస మొద్దును తొలిచి చేసే వీణకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరి పేరు నిలబెట్టాలని గంతులకు వీణ పెడితే మాత్రం వీణకూ న్యాయం జరగదు, పిల్లలకూ జరగదు. వీణ నాదం మెత్తనిది. మైదానంలో గాలికి పోతుంది. దానికి తగిన చోటు యోగాసనాలు. గోడల మధ్య, చావడిలో, పిల్లలు ఆసనం వేసి ఊపిరి లెక్కపెట్టుకునే వేళ తాళం లేని ఆలాపన నెమ్మదిగా సాగితే ఊపిరికి తోడుగా ఉంటుంది. తాళం కావాలంటే వీణలోనే ఉన్నది. ఏడు తీగలలో మూడు తాళం కోసం పక్కన బిగించినవే.

వయొలిన్, వేణువు : రిబ్బను, చక్రం పట్టుకుని చేసే మెత్తని కదలికలకు అనువు. విజయనగరంలో 1919లో ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల మనకు దగ్గరలోనే ఉన్నది. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిన చోటు అది. ఇలాంటి చోట నేర్చుకుంటున్న విద్యార్థులను పిలిస్తే వారికీ అనుభవం, పిల్లలకూ లాభం.

బ్యాండు : కవాతుకు, వరుసలు మారడానికి పనికివస్తుంది. గోపురానికి మాత్రం పెద్ద డ్రమ్ము ఒక్కటి చాలు.

సెకను ముల్లే కొలబద్ద

ఏ వేగంతో వాయించాలన్నది తరువాతి ప్రశ్న. కవాతు నడకకు నిమిషానికి సుమారు 120 అడుగులు పడతాయి. ఆ వేగంలో గోపురం ఎక్కితే పడిపోవడం ఖాయం. గోపురానికి గడియారంలో సెకను ముల్లుతో పాటు కొట్టే దెబ్బ, అంటే నిమిషానికి 60 దెబ్బలు సరిపోతాయి.

ఎనిమిది లెక్కల ఆదితాళం పిల్లలకు తేలిక. మొదటి ఎనిమిదికి కిందివరుస కుదురుకోవాలి. రెండో ఎనిమిదికి నడిమి వరుస ఎక్కాలి. మూడో ఎనిమిదికి పైవాడు. నాలుగో ఎనిమిది నిలకడ. అయిదులో పైవాడు దిగాలి. ఆరులో నడిమివారు. ఏడులో కిందివారు లేచి నిలవాలి. మొత్తం 56 దెబ్బలు, 56 సెకన్లు. నిమిషం లోపల పని ముగుస్తుంది. అడుగున ఉన్న పిల్లవాడికి తాను ఇంకెన్ని లెక్కలు ఓర్చుకోవాలో ముందే తెలుస్తుంది. ఎవరైనా కుదురుకోకపోతే డోలు వాయించేవాడు అదే ఎనిమిదిని మరోసారి వాయిస్తాడు. యంత్రం పాట ఆ పని చేయలేదు.

గంతులకు, నడకలకు తకధిమి అని నాలుగు లెక్కల నడక అతుకుతుంది. దొర్లడానికి, కుప్పిగంతులకు తకిట అని మూడు లెక్కల నడక ఊపు ఇస్తుంది. అయిదు, ఏడు లెక్కల నడకలు వినడానికి గమ్మత్తుగా ఉన్నా కొత్త పిల్లలకు వద్దు.

మైకు చేసే మోసం

పాఠశాల మైదానానికి ఒక చివర మాత్రమే మైకు గొట్టం కట్టడం రివాజు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 34 మీటర్లు దాటడానికి సెకనులో పదోవంతు పడుతుంది. మైకుకు వంద మీటర్ల దూరంలో ఉన్న పిల్లవాడికి దెబ్బ సెకనులో దాదాపు మూడు పదోవంతులు ఆలస్యంగా వినిపిస్తుంది. కవాతు వేగంలో దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండేదే అర సెకను. ముందు వరుస దించిన కాలు వెనుక వరుస ఇంకా దించకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. పిల్లలను తిట్టి లాభం లేదు. పిల్లలందరినీ వాద్యానికి దగ్గరగా నిలపడం మేలు. స్థలం పెద్దదైతే వాద్యకారులను నడుమ కూర్చోబెట్టి చుట్టూ పిల్లలను నిలపవచ్చు.

గొట్టం మైకులో మంద్రపు శబ్దం సరిగా రాదు. పాటలోని పెద్ద డ్రమ్ము దెబ్బ పోయి కీచు స్వరాలే వినిపిస్తాయి. పిల్లలకు కావలసింది ఆ దెబ్బే. ఇక పెద్ద పెద్ద సౌండు పెట్టెలు పెడితే ఉపాధ్యాయుడు 'ఆగు' అని అరిచినా పిల్లవాడికి వినపడదు. వాద్యం ఎంత గట్టిగా ఉండాలంటే, మాస్టారి కేక దాన్ని దాటి వినిపించాలి. బడులకు, ఆసుపత్రులకు వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలును 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కల్పించాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడుస్పీకర్లకు ఆంక్షలు ఉన్నాయి. పండగ కార్యక్రమాలు వేసే పెద్దలు దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

ఆట వేరు, బతుకుతెరువు వేరు

పిల్లల విన్యాసం అనగానే మరువరాని హద్దు ఒకటి ఉన్నది. సర్కసులలో పిల్లలను పనికి పెట్టుకోరాదని 2011 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు కళా ప్రదర్శనలకు, ఆటలకు కొంత మినహాయింపు ఇచ్చినా సర్కసును అందులోంచి తీసివేశారు. బడిలో, పండగలో పిల్లలు ఇష్టపడి చేసే విన్యాసం తప్పు కాదు. చప్పట్ల కోసం వయసుకు మించిన ఎత్తు ఎక్కించడం, వద్దన్న పిల్లను బలవంతపెట్టడం తప్పు. పరుపు గాని, ఇసుక గాని, వరిగడ్డి గాని పరచకుండా ఎక్కించడం అంతకన్నా తప్పు. వాద్యం ఎంత మంచిదైనా పరుపుకు బదులు కాదు.

కళాకారులకూ చేయూత

డోలు, సన్నాయి, తప్పెట వాయించేవారికి పెళ్ళిళ్ళ సీజను తప్పితే తక్కిన రోజులలో పని తక్కువ. ఆ పెళ్ళిళ్ళలోనూ ఇప్పుడు సౌండు పెట్టెలదే రాజ్యం. ఏడాదికి రెండు మూడు కార్యక్రమాలకైనా పాఠశాలలు వారిని పిలిస్తే నాలుగు డబ్బులు దొరుకుతాయి. అంతకన్నా ముఖ్యంగా వారి విద్య పిల్లల కంటబడుతుంది. అయితే వారిని కార్యక్రమం రోజున మాత్రమే పిలిస్తే ప్రయోజనం లేదు. కనీసం మూడు నాలుగు సాధనలకు రావాలి. ఆ రోజులకు కూడా వారి కూలి వారికి ముట్టాలి. పండగ ఖర్చులో సౌండు పెట్టెల అద్దెకు పోయే సొమ్ములో కొంత ఇటు మళ్ళిస్తే ఇది సాగే పనే.

వాద్యకారులు దొరకని చోట యంత్రం పాటే శరణ్యమైతే అప్పుడూ కొన్ని జాగ్రత్తలు పాటించవచ్చు. మాట లేని, మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో సాగే వాద్యాన్ని ఎంచుకోవాలి. సాధన మొదటి రోజునుంచే అదే వాద్యాన్ని వినిపించాలి. విన్యాసానికి పట్టే సమయం కన్నా వాద్యం నిడివి కొంత ఎక్కువ ఉండాలి. పాట అయిపోతుందన్న భయం పిల్లలకు ఉండరాదు. యంత్రం దగ్గర ఒక మనిషి నిలిచి పిల్లలనే చూస్తుండాలి. మాస్టారు చెయ్యి ఎత్తగానే పాట ఆపాలి. పాట ఆగితే ఎవరూ కదలకుండా ఉన్నచోటనే నిలిచి, మాస్టారి లెక్కతో ఒక్కొక్కరే దిగాలని పిల్లలకు ముందే నేర్పాలి. కరెంటు పోయినా ఇదే పద్ధతి. ఒక సాధన అసలు వాద్యమే లేకుండా, నోటి లెక్కతో చేయించి చూడాలి. అలా చేయగలిగిన పిల్లలకు ఏ వాద్యం పెట్టినా భయం లేదు. చేయలేకపోతే గోపురాన్ని ఒక మెట్టు తగ్గించడమే మంచిది.